బూజు మాస్టారికి రాని విద్య

బూజు మాస్టారికి కంప్యూటర్ రాదు. రాదంటే అలా ఇలా కాదు, మౌస్‌ని గాల్లోకి ఎత్తి తెరకు గురిపెట్టేంత రాదు. రొట్టెకూ పచ్చడికీ పట్టే బూజుల పరిశోధనలో మాత్రం ఆయనను మించినవాళ్లు లేరు.

ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయికి ఇది ప్రాణసంకటంగా తయారైంది.

"అమ్మాయ్, ఈ గాజు పళ్లేల్లో బూజుమచ్చలు లెక్కపెట్టాలి. నా కళ్లు లాగేస్తున్నాయి. నీ కంప్యూటర్‌కి చెప్పి చూడు."

"చెబితే వినదు సార్, ప్రోగ్రామ్ రాయాలి."

"రాసెయ్ మరి! నాకేం తెలుసు, పాతకాలం వాణ్ని."

ఆమె ఏడ్చుకుంటూ, తిట్టుకుంటూ నేర్చుకుని రాసింది. ఆ ప్రోగ్రామ్ కాస్తా, కెమెరా కిందకు వంగిన మాస్టారి బట్టతలను కూడా బూజుమచ్చల్లో జమకట్టింది. ఆయన తల తడుముకున్నారు.

"బాగానే పట్టింది. కానీ ఇంత పెద్ద మచ్చ కనబడితే అనుమానించాలని దానికి తెలియొద్దూ?"

ఆ అనుమానం నేర్పేసరికి ఆమెకు తాతలు దిగొచ్చారు. ఆ వెంటనే గ్రాఫులన్నారు. అవీ అయ్యాక, ల్యాబ్‌లో ఫ్రిజ్ వేడెక్కితే ఫోన్ మోగేలా చేయమన్నారు. "నేను చదివేది బూజా, ఈయనకు గుమాస్తాగిరీయా?" అని ఆమె వాళ్లమ్మ దగ్గర మొత్తుకుంది.

ఇంతలో స్కాలర్‌షిప్ గడువు ముగియవచ్చింది. ఉద్యోగం దొరక్కపోతే బూజుకో నమస్కారం పెట్టి ఇంటికి పోవాలి. ఏ ప్రకటన చూసినా ఒకటే పాట: శిలీంధ్రాల శాస్త్రవేత్త కావలెను, ప్రోగ్రామింగ్ తప్పనిసరి. మందుల కంపెనీ ఇంటర్వ్యూలోనైతే బూజు ఏ రంగులో ఉంటుందని కూడా ఎవరూ అడగలేదు. ప్రోగ్రామ్ రాయమన్నారు. వాళ్లిచ్చిన టీ చల్లారేలోపు ఆమె రాసేసింది.

ప్రశ్నలడిగే పెద్దావిడ కళ్లజోడు తీసింది. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"తప్పక నేర్చుకున్నానండీ. మా సార్‌కి కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు."

"ఎవరూ, బూజు మాస్టారా?" ఆవిడ పకపకా నవ్వింది. "మా కంపెనీలో మచ్చలు లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాసిచ్చింది ఆయనేనమ్మా! నేనూ ఆయన శిష్యురాలినే, నా దగ్గరా ఇదే నాటకం. ఉత్త బూజు చదువుకి ఉద్యోగాలు రావని ఆయనకెప్పుడో తెలుసు. నేర్చుకోమంటే మనం వింటామా? అందుకే పని నెత్తిన పడేస్తారు."

ఉద్యోగం వచ్చింది. కోపం, నవ్వు, ప్రేమ ఒక్కసారే ముంచుకొచ్చాయి. మాస్టారిని కడిగేద్దామని ఆమె ల్యాబ్‌కి పరుగెత్తింది. అక్కడ కొత్తగా చేరిన పరిశోధకుడు కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. ఆమె ముఖం చూడగానే మాస్టారికి విషయం అర్థమైంది. కుర్రాడి వెనక నిలబడి, చెప్పొద్దన్నట్టు రెండు చేతులూ జోడించారు.

కుర్రాడు గొంతు తగ్గించాడు. "అక్కా, ఈయనకు నిజంగానే ఏమీ రాదా?"

ఆమె నవ్వాపుకుంది. "పాపం, ఏమీ రాదు తమ్ముడూ. నువ్వే చూసుకోవాలి."