అక్కయమ్మ పంపిన గూళ్ళ దండ

మిట్టేమరి ఊళ్ళో అక్కయమ్మ చేతులు ఊరుకోగా ఎవరూ చూసి ఎరగరు. ముప్పై ఏళ్ళుగా పట్టుపురుగులు మేపుతోంది. పురుగులు అల్లుకున్న పట్టుగూళ్ళ పంట మార్కెట్టుకు పోగానే కత్తెర పట్టుకుని కూర్చుంటుంది. రెక్కల పురుగు బయటికొచ్చేశాక పట్టుపురుగుల గుడ్లు అమ్మే కేంద్రం వాళ్ళు పారేసే బొక్క గూళ్ళు తెచ్చుకుని, రంగులద్ది, రేకులు కత్తిరించి పూలు చేస్తుంది.

నాలుగేళ్ళ కిందట బెంగళూరు చేతిపనుల సంతలో ఆమె పక్క అంగడి హీరూబెన్‌ది. గుజరాత్ నుంచి అద్దాల కుట్టుపని తెచ్చుకుంది. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాకపోయినా, మూడు రోజులూ ఒకరి డబ్బాలోది ఒకరు తింటూ గడిపేశారు. అప్పట్నుంచీ పార్సెళ్ళే. అటునుంచి అద్దాల సంచి వస్తే ఇటునుంచి పూలగుత్తి వెళ్ళాల్సిందే. హిందీ మాటల సంగతి కోడలు రూప చూసుకుంటుంది. అక్కయమ్మకు చుట్టాలు బోలెడుమంది, అందరూ పుట్టింటివాళ్ళో అత్తింటివాళ్ళో. తనంతట తాను సంపాదించుకున్న మనిషి హీరూబెన్ ఒక్కతే.

ఆవిడకు మనవరాలు పుట్టిందని తెలిశాక బొక్క గూళ్ళు పంపడానికి అక్కయమ్మకు మనసొప్పలేదు. తన పంటలోంచే తెల్లటి గూళ్ళు నలభై ఏరి, చిల్లు పడకుండా దారంతో అల్లి, ఉయ్యాలకు కట్టమని దండ పంపింది. ఏరినవాటిలో దండకు ఎక్కువైన రెండు గూళ్ళు కిటికీలో పెట్టుకుంది.

పార్సెల్ పంపిన తొమ్మిదో రోజు పొద్దున చూస్తే ఆ రెండింటికీ చిల్లులు, పక్కన రెండు రెక్కల పురుగులు. గూళ్ళకు ఆవిరి పట్టి లోపలి పురుగును చంపడం పట్టు తీసేవాళ్ళ పని. కోసిన మర్నాడే పంట మార్కెట్టుకు పోయే ఇంట్లో ఆ ఆలోచన ఎవరికొస్తుంది? పరుగున పోస్టాఫీసుకు వెళ్ళింది. సంగతి విన్న పోస్టుమాన్ బయ్యప్ప, పార్సెల్ ఈపాటికి చేరిపోయి ఉంటుందని చెప్పి, నవ్వు కనబడకుండా తల దించుకున్నాడు.

ఫోన్ చేద్దామంది రూప. అక్కయమ్మ ససేమిరా అంది.

"ఏం మొగం పెట్టుకోని మాట్లాడేది? పసిబిడ్డ మీద పురుగులు పోసినట్లు అయిపాయె. ఆమె ఇంక నా మొగం చూడదు."

వారం గడిచినా అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. అక్కయమ్మకు అన్నం సహించలేదు, కత్తెర ముట్టుకోలేదు.

ఎనిమిదో రోజు హీరూబెన్నే వీడియో కాల్ చేసింది. వంటింట్లోకి పారిపోబోతున్న అత్తను రూప చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. అవతల ఆవిడ తలవంచుకుని ఏదో చెబుతోంది. వింటూ వింటూ రూప నవ్వు ఆపుకోలేకపోయింది. పెట్టె తెరవగానే దండ నిండా తెల్లటి రెక్కలట. ఎగరవు, కుట్టవు, చేతి మీద పెట్టుకుంటే బుద్ధిగా కూర్చున్నాయట. ఇంత చక్కటి కానుక ఎవరు పంపారని ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి చూసిపోయారట. నాలుగు రోజులకు అన్నీ చచ్చిపోయాయట. వాటికేం పెట్టాలో తెలియక తానే చంపుకున్నానని, అక్కయమ్మ ఇక మాట్లాడదేమోనని భయపడి ఇన్నాళ్ళూ ఫోన్ చేయలేదట. రెక్కల పురుగు ఏమీ తినదనీ, దాని ఆయుష్షే అంతనీ ఆవిడకేం తెలుసు?

అక్కయమ్మ పట్టలేక నవ్వింది. అటువైపు హీరూబెన్‌కు ఏమీ అర్థం కాకపోయినా తానూ నవ్వేసి, ఇంకో మాట అంది.

"ఏమంటాండాది?"

"ఈ తూరి పార్సెల్ వద్దంట అత్తా. నిన్నే రమ్మంటాండాది."

అక్కయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"రైలు యాడ ఎక్కల్లో అడుగు."