మొదటి నమస్కారం ఎవరికి?

మదనపల్లెలో మా మేడ మీది గదిలో బరాకా అనే టాంజానియా అబ్బాయి అద్దెకుంటున్నాడు. ఇక్కడే డిగ్రీ చదివాడు, మన యాస కూడా బాగా పట్టేశాడు. పీజీ సీటు కోసం ఈ రోజు పుంగనూరు అవతల ఒక ప్రైవేటు యూనివర్సిటీకి వెళ్తూ నన్నూ తోడు రమ్మన్నాడు.

డిపార్ట్‌మెంటు వరండాలో హెడ్డుగారు మా కోసమే నిలబడి ఉన్నారు. కాస్త అవతల ఒక పెద్దావిడ ఊడుస్తోంది. బరాకా నేరుగా ఆమె దగ్గరికే వెళ్లి వంగి నమస్కారం పెట్టాడు. వాళ్ల దేశంలో అందరికన్నా పెద్దవాళ్లను ముందు పలకరించాలట.

ఆమె బెదిరిపోయి చీపురు వెనక్కి దాచుకుంది. "నాకు యాలప్పా? సారు ఆడుండాడు సూడు!"

"సారు కన్నా నువ్వే పెద్ద కదమ్మా!" అన్నాడు మావాడు.

హెడ్డుగారి ముఖం మాడిపోయింది. "మన సంస్కృతి కొంచెం నేర్పించి తీసుకురావలసింది," అన్నారు నాతో.

నాకు నోరు ఆగదు కదా! "పెద్దలను గౌరవించడమే మన సంస్కృతని మైకు పట్టుకుని చెప్పేది మీలాంటివాళ్లే కదా సార్?" అన్నాను. సీటు సంగతి తర్వాత చూద్దామంటూ ఆయన లోపలికి వెళ్లిపోయారు.

తిరుగు బస్సులో బరాకా మెల్లగా అడిగాడు: "అంకుల్, ఆడ సేరితే, ఆమె ఎదురొచ్చినప్పుడు సూడనట్టు పోవాల్నా?"

దీనికి జవాబు సంస్కృతి బాగా తెలిసినవాళ్లెవరైనా కింద రాయండి. మేడెక్కి అతనికి చదివి వినిపిస్తాను.