మణికట్టు మీది మరక

ఉదయం తొమ్మిదీ పదికి, తిరుపతి బస్టాండు దగ్గర గడియారాల కొట్టాయన నేను ఎంచుకున్న మేకతోలు పట్టీని తన చేతికే కట్టుకున్నాడు. ఏ తోలు పట్టీనైనా ఒక పగలంతా తాను కట్టుకోనిదే అమ్మేవాడు కాదు. ఆసుపత్రిలో ఉన్న మా ఆవిడకు గడియారపు ప్లాస్టిక్ పట్టీ ఒరుసుకొని దద్దుర్లు లేచాయి. మందుల వేళలు తానే చూసుకునే మనిషి, గడియారం లేకపోతే కుదురుగా ఉండలేకపోయేది.

"ఏమబ్బా, కొనేది నేనా, నువ్వా?" అన్నాను.

"జబ్బు మనిషికి కదప్పా. రేపు రా."

మరునాడు ఆయన మణికట్టు చుట్టూ గోధుమరంగు మరక ఉంది.

"సూడు, సెమటకు రంగు దిగినాది. నిన్ననే ఇచ్చింటే ఇదంతా ఆయమ్మ సేతికి అంటుకునేది."

రెండో చేతికి రంగు వేయని పట్టీ కట్టుకొని ఉన్నాడు. దాన్ని విప్పాడు. కింద చర్మం శుభ్రంగా ఉంది.

"ఇది తీసకపో. నూనె పూసేవు, వద్దు. పొద్దుగూకినాక పొడిగుడ్డతో తుడిసి నీడన పెట్టు."

మా ఆవిడ దాన్ని తాను పోయే రోజు దాకా కట్టుకుంది. మళ్లీ దద్దుర్లు లేవలేదు. రోజూ సాయంత్రం ఆయన చెప్పినట్టే తుడిచేవాణ్ణి. ఇప్పుడు తుడవడం లేదు.