లైను కోసిన వారు

నేను ఎవరి మీదా కర్ర ఎత్తలేదు. అయినా మా బాబాయి కుడి చేతి రెండు వేళ్ళు పోయింది నా వల్లే. మూడే మూడు తెలుగు మాటలు రాశాను.

వెల్దుర్తి దగ్గర మా మిరప చేలో నాన్నకీ బాబాయికీ కలిపి ఒకటే బోరు. ఇంటి దగ్గర కూర్చుని ఫోనుతో మోటారు ఆడించే ఉచిత యాప్ ఒకటి దొరికితే ఇద్దరి ఫోన్లలోనూ వేశాను. ఎవరైనా చెయ్యి వేసి బాగుచేయవచ్చు గానీ, అంతా ఇంగ్లీషే. తెలుగు చేసే పని నేను నెత్తిన వేసుకున్నాను. ఆ వెబ్‌సైటులో వాక్యాలు ఒక్కొక్కటే వస్తాయి. ఏ తెర మీదిది, ఎప్పుడు కనబడేది, ఒక్క ముక్క చెప్పరు. ఒకరోజు "లైన్ కట్" అని వచ్చింది, పక్కన పేరు పడే ఖాళీ. ఫలానా మనిషి ఫోనుకు సిగ్నలు తెగిందని దాని అర్థమని నాకు తరవాత గానీ తెలియలేదు. నేనేమో దరఖాస్తు ఫారాల తెలుగులో, మర్యాద తగ్గకుండా, "లైను కోసిన వారు" అని రాశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మా వైపు లైనంటే మోటారు వైరు. దాన్ని కోయడమూ పీక కోయడమూ ఒకటే.

మిరప కాపు మీదున్నప్పుడు ఒక మధ్యాహ్నం నాన్న ఫోను మోగింది. "లైను కోసిన వారు: తమ్ముడు." నాన్న పార అందుకుని బండెక్కాడు. బతిమాలుతూ వెనక నేనూ ఎక్కాను. చేలో బాబాయి ఫోను చార్జింగు అయిపోయి ఉంది. మోటారు ఎందుకు ఆగిందో చూద్దామని స్టార్టరు పెట్టె తెరిచి, వైరు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్, నా చేను ఎండబెడతావా?"

"ఏందన్నా, నేనేం చేశా" అంటూ బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. పార ఆ చేతి మీదే పడింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. నాన్న నడుము పట్టుకుని వేలాడితే నన్నూ విసిరికొట్టాడు. మట్టిలోంచి తల ఎత్తేసరికి నా మొహం ముందు బాబాయి వేలు ఉంది. ఉంగరం దానికే ఉంది.

కేసయింది. నాన్న బెయిలు మీద ఇంటికొచ్చాడు. యాప్ తీసేస్తానంటే తన ఫోను నా చేతిలోంచి లాక్కున్నాడు. "అది సాక్ష్యం. వాడు మళ్ళీ కోస్తే ఈసారి చెయ్యి కాదు, మెడే." అంటే బాబాయి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక సిగ్నలు పోయిన ప్రతిసారీ మా ఇంట్లో పార లేస్తుంది. నిజం చెప్పడానికి నాకు భయం వేసింది. దొంగచాటుగా వాక్యం మార్చేద్దామనుకున్నాను.

మార్పు పంపితే, కొత్త వాక్యమైతే నేరుగా ఎక్కుతుంది గానీ ఉన్నదాన్ని మారిస్తే రెండో తెలుగు మనిషి చూసి సరే అనాలని జవాబొచ్చింది. "చిన్న సవరణ, తొందర లేదు" అని పైన చీటీ తగిలించారు. ఆ యాప్‌లో నేను తప్ప తెలుగు మనిషి లేడు. ఒళ్ళు మండి నా ఫోను గోడకేసి కొట్టాను.

నరసరావుపేట ఆసుపత్రికి వెళ్ళి బాబాయికి చెప్పేశాను. కట్టు కట్టిన చేత్తోనే నా చెంప పగలగొట్టాడు. నాకంటే తనకే ఎక్కువ నొప్పి పుట్టి పళ్ళు కొరికాడు. కట్టు ఎర్రబడింది.

"చదవ్వే. ఇంకా ఏమేం రాసి చచ్చావో అన్నీ చదువు."

పగిలిన తెర మీదే చదివాను. "ప్రక్రియను చంపు" దగ్గర ఆపాడు. "ఎవర్నే చంపేది? ఆపు అని రాయి." లైను దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడు. "ఫోను అందట్లేదు, అంతేగా. అది రాయడానికి నీ ఇంజనీరింగు చాల్లేదా?"

రెండో తెలుగు మనిషిగా సరే అనాలంటే బాబాయికో ఖాతా ఉండాలి. అదీ ఇంగ్లీషే. నువ్వు మనిషివేనా అని అడిగి, ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు నొక్కమంది. "మనూళ్ళో ఏడున్నయ్యే ఇవి" అంటూ ఎడమ బొటనవేలితో మూడుసార్లు తప్పు నొక్కాడు. నాలుగోసారికి మనిషేనని ఒప్పుకుంది.

బాబాయి ఇంటికొచ్చిన వారానికి నాన్న ఫోను మోగింది. గోడకు ఆనించిన పారకు అడ్డంగా నిలబడ్డాను. నాన్న పైకే చదివాడు. "తమ్ముడు: ఫోను అందడం లేదు." మళ్ళీ చదివాడు.

"మరి ఆ రోజు వచ్చింది ఏందే?"

"అదీ ఇదే నాన్నా. నేను తప్పు రాశా. దిద్దింది బాబాయి."

నన్ను పక్కకు నెట్టి పార తీసుకున్నాడు. గడప రాయి ముందు కూర్చుని, కుడి చెయ్యి దాని మీద పరిచి, ఎడమ చేత్తో పార ఎత్తాడు. నేను ఆ ఎత్తిన చేతి మీద పడ్డాను. పార పక్కకు పడింది. అక్కడ రాయి పెచ్చు లేచిపోయి ఇప్పటికీ అలాగే ఉంది.