దిగితేనే ఊరు

మా మామగారు పోయారు. పోయిన నెల, కన్యాకుమారిలో, ఒక లాడ్జి గదిలో. పొద్దున్నే సూర్యోదయం చూసి, పడవెక్కి తిరిగొచ్చి, భోంచేసి కాస్త నడుం వాల్చారట. సూర్యాస్తమయానికి బయల్దేరదామని తోటివాళ్ళు లేపితే లేవలేదు. ఇక్కడ అమెరికాలో, చాండ్లర్‌లో మాకు తెల్లవారేసరికి నంద్యాల నుంచి నా బావమరిది పెట్టిన మెసేజ్ ఫోన్‌లో ఉంది. మా ఆవిడ అది చదివి, "సూర్యోదయం చూసినాడంట" అంది. ఆ తర్వాత ఏడ్చింది.

పరామర్శకు ఫోన్ చేసినవాళ్ళందరిదీ ఒకటే మాట. అయ్యో, ఊరుగాని ఊళ్ళో పోయాడే అని. వాళ్ళ మనసు మంచిదే, కాదనను. కానీ నాకు ఆ మాట మింగుడు పడలేదు. ఆయనను ఎరిగినవాడెవడూ అలా అనడు. ఆయనకు ఊరుగాని ఊరు అనేదే లేదు. దిగిన ప్రతి ఊరూ ఆయన ఊరే. ఆ సంగతి నలుగురికీ చెబుదామనే ఇది రాస్తున్నాను.

మామగారు నంద్యాల డిపోలో బస్సు కండక్టర్. ఉద్యోగమంతా తిరుగుడే. తిరుపతి, శ్రీశైలం, బెంగళూరు, ఎక్కడికంటే అక్కడికి. ఆయన చూడని బస్టాండు లేదు, బస్టాండు దాటి చూసిన ఊరు లేదు. బెంగళూరంటే ఆయనకు ఒక ప్లాట్‌ఫామూ, ఒక టీ బంకూ, డ్రైవర్లు కునుకు తీసే గదీ. వెనక్కి తిరిగే టైము వచ్చేసేది. "నేను ఊర్లకు పోలేదు అల్లుడూ, ఊర్లే కిటికీలో పోయినాయి" అనేవారు. బాధగా కాదు, నవ్వుతూనే.

అత్తగారు పోయాక మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ ఎందుకొచ్చావని అడుగుతాడని, అమ్మాయిని చూడ్డానికని చెప్పమని మేం ఇంగ్లీషులో బట్టీ పట్టించాం. ఆయన అక్కడికెళ్ళి, ఛాతీ విరిచి, "టూరిస్ట్" అన్నారట. ఏ ఏ ఊళ్ళు చూస్తావని ఆఫీసర్ అడిగితే, "ఆల్" అన్నారట. ఆ ఆఫీసర్ నవ్వి ముద్ర కొట్టాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ కోప్పడితే, తెల్లోనికి మాటిచ్చి వచ్చాను, ఇప్పుడు చూడకపోతే మాట తప్పినట్టు కాదా అని వాదించారు.

ఆ మాట ఆయన మర్నాటి నుంచే నిలబెట్టుకున్నారు. మా కాలనీలో చూడ్డానికేముందని నా అభిప్రాయం. ఒకే రంగు ఇళ్ళు, ఒక కాలువ, ఎండ. ఆయన మాత్రం టోపీ పెట్టుకుని, ఫోన్‌ను తాడు కట్టి మెళ్ళో వేసుకుని, నీళ్ళ సీసాతో బయల్దేరేవారు. కాలువ గట్టు మీద పిట్టల కుటుంబం వరసగా రోడ్డు దాటితే ఆగి దారిచ్చేవారు. వీధి చివర చేతులు పైకెత్తి నిలబడ్డ పెద్ద కాక్టస్ ముందు చాలాసేపు నిలబడి, "స్టేజీ కాని చోట బస్సు కోసం చెయ్యెత్తినట్టుండాది. పాపం, ఎన్నేండ్లయిందో, ఎవరూ ఆపలేదు" అన్నారు. నేను రోజూ దాని పక్కనించే ఆఫీస్‌కి వెళ్తాను. ఆ రోజు దాకా దానికి చేతులున్నాయని నేను గమనించలేదు. ఊర్లో వానికి పనుంటాది, టూరిస్టుకు కండ్లుంటాయి అన్నది ఆయన మాటే.

ఇక నాతో కార్‌లో వస్తే ఒకటే పట్టు. దిగల్ల, అంటే దిగి తీరాలని. మన అమెరికా తెలుగువాళ్ళ టూరిజం సంగతి మీకు తెలియంది కాదు. లాంగ్ వీకెండ్ వస్తే పులిహోర ప్యాక్ చేసుకుని, నాలుగు పార్కులు "కవర్ చేసి" సోమవారానికి ఇల్లు చేరాలి. వ్యూ పాయింట్ వస్తే స్పీడ్ తగ్గించి, అద్దం దించి, ఫోన్ బయటికి పెట్టి ఒక ఫొటో లాగి ముందుకు పోవడం. ఎర్రకొండల దారిలో నేను అలాగే చేయబోతే ఆయన సీటు బెల్టు తీసేశారు. కవర్ చేయడమంటే కప్పెట్టడమే గదా అల్లుడూ, దాని కోసం ఇంత పెట్రోలెందుకు అన్నారు. కార్ ఆపక తప్పలేదు. దిగి, మట్టి చేతిలోకి తీసుకుని నలిపి, వాసన చూసి, అక్కడున్న బండ మీద కూర్చున్నారు. తర్వాత నన్ను పిలిచి ఫొటో తీయమన్నారు.

"మనవాళ్ళు ఫొటో దిగడమంటారు చూడు, ఎందుకనుకున్నావు? బండి దిగినోడే ఫొటో దిగల్ల. కిటికీలోంచి తీసింది ఫొటో కాదు, సాక్ష్యం."

ఈ వ్యాకరణం ఎక్కడా ఉండదని నాకు తెలుసు. అయినా ఆ రోజు నుంచి మా ఇంట్లో కార్ కిటికీలోంచి తీసిన ఫొటోకి సాక్ష్యమనే పేరు.

ఆయనకు టూరిస్టులంటే వల్లమాలిన అభిమానం. మామూలుగా మనం టూరిస్టులంటే కాస్త చిన్నచూపు చూస్తాం కదా, దారికడ్డంగా నిలబడి ఫొటోలు తీసుకునే జనం అని. ఆయనకు వాళ్ళు బంధువులు. టూరిస్టులదంతా ఒకటే కులం, అందరికీ కాళ్ళ నొప్పులే, అందరూ అడిగేది బాత్‌రూమ్ యాడుండాదనే, అనేవారు. ఎవరైనా సెల్ఫీ కోసం చెయ్యి సాచి అవస్థ పడుతుంటే పరుగున వెళ్ళి ఫోన్ అందుకునేవారు. వాళ్ళు ఏ దేశస్థులైనా సరే, "జరగండి, జరగండి, లోపలికి జరగండి" అని చేత్తో తోసినట్టు సైగ చేస్తే, ఆరడుగుల మనుషులు బుద్ధిగా లోపలికి జరిగేవారు. ఒక్క మాట అర్థం కాకపోయినా నవ్వుతూ జరిగేవారు. అలా ఎన్ని కుటుంబాల గోడల మీద ఆయన తీసిన ఫొటోలున్నాయో ఎవరికి తెలుసు.

ఇన్ని చూసినా ఆయనకు ఒక కొరత ఉండేది. మా ఆవిడ ఎక్కడికీ వచ్చేది కాదు. ఆమెది కంప్యూటర్ చిప్స్ తయారుచేసే ఫ్యాక్టరీలో పన్నెండు గంటల షిఫ్టు. సెలవు దొరికితే నిద్ర, లేదా ఇంటి పని. ప్రతిసారీ ఆయన అడిగేవారు, ప్రతిసారీ ఆమె మీరిద్దరూ పోయి రండి నాన్నా అనేది. సాయంత్రం భోజనాల దగ్గర ఆయన ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తుంటే ఆమె వేలితో గబగబా జరిపేసేది. ఆయన మళ్ళీ వెనక్కి జరిపి, దీన్ని సరిగా చూడలేదు నువ్వు అనేవారు. కూతురితో కలిసి ఏదైనా ఒక్క చోటు తీరిగ్గా చూడాలన్నది ఆయన కోరిక. అది ఆయన నాతోనే అన్నారు, ఆమెతో ఎప్పుడూ అనలేదు.

రెండోసారి వచ్చి వెళ్ళే ముందు, గుండె డాక్టరు ఇక ఇంత దూరం విమానాలు వద్దన్నాడని చెప్పారు. అంటే ఇదే ఆఖరు. అప్పుడు మా ఆవిడ షిఫ్టు మార్చుకుంది. డిసెంబర్ నెలలో ఒక రోజు ముగ్గురం గ్రాండ్ కాన్యన్‌కి బయల్దేరాం. చీకటి పడితే కొండ రోడ్డు మీద ఐస్ పేరుకుంటుంది కాబట్టి మూడింటికల్లా వెనక్కి తిరగాలన్నది ఆమె షరతు. టైము దగ్గర ఆమె అచ్చం కండక్టర్ కూతురు.

కార్ పార్క్ చేసి, లోయ అంచు వెంబడి తిరిగే ఉచిత బస్సెక్కాం. టికెట్ లేని బస్సు, కండక్టర్ లేని బస్సు. మామగారు కూర్చోలేకపోయారు. తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి, ఎక్కే ముసలమ్మలకు చెయ్యందిస్తూ వచ్చారు. వ్యూ పాయింట్‌లో దిగి చూస్తే ఏమీ లేదు. ముందు రోజు మంచు కురిసిందట, లోయ నిండా మేఘం. రెయిలింగ్‌కి అవతల తెల్లటి గోడ కట్టినట్టుంది. జనం ఉసూరుమంటూ తిరిగి వెళ్ళిపోతున్నారు. మామగారు ఒక బెంచీ మీది మంచును చేత్తో తుడిచి కూర్చున్నారు. మేమూ ఆయనకు చెరో పక్కా కూర్చున్నాం.

అరగంట గడిచింది. మా ఆవిడ వాచీ చూసుకుని లేచింది.

"నాన్నా, ఈ బస్సు మిస్సయితే మళ్ళా వెయిట్ చేయాలి. డార్క్ అయిపోతే డ్రైవ్ చేయడం కష్టం. ఎట్లాగూ ఏం కనపడటం లేదు కదా, పోదాం."

ఆయన లేవలేదు. "శిఖరం గుర్తుండాదా పాపా?" అన్నారు.

మా ఆవిడ మేఘంకేసే చూస్తూ, గుర్తుందని తలూపింది. నాకే తెలియదు. ఆయనే చెప్పారు. చిన్నప్పుడు ఒకసారి దసరా సెలవుల్లో ఆమెను తన డ్యూటీ బస్సులోనే శ్రీశైలం తీసుకెళ్ళారట. గుడికి కొంచెం ముందు శిఖరం వస్తుంది. అక్కడి నంది కొమ్ముల మధ్య నుంచి చూస్తే దూరాన మల్లన్న గోపురం కనిపిస్తుందంటారు. బస్సులో ఎవరో అది చెప్పగా విని, ఈ పిల్ల దిగి చూస్తానంది.

"నా చొక్కా పట్టుకొని అడిగితివి. బస్సు లేటుండాది. నేను విజిలేస్తిని."

"మళ్ళా నేనెప్పుడూ అడగలేదు నాన్నా" అంది మా ఆవిడ. తప్పు పడుతున్నట్టు లేదు, సమాధానం చెబుతున్నట్టుంది.

"అడగలేదు. ఎప్పుడైనా అడుగుతావేమో అని ఎన్నేండ్లు చూసినానో."

నేను వాళ్ళిద్దరి వైపూ చూడలేక బూట్ల మీది మంచు దులుపుకుంటూ కూర్చున్నాను.

అంతలో బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఇంకెవరూ లేరు. స్టీరింగ్ దగ్గరున్నామె మా కోసమే ఆగి, వస్తారా అన్నట్టు తల వంచి చూసింది. మా ఆవిడ ఒక అడుగు అటు వేసి, తండ్రి వైపు తిరిగింది. మామగారు కూర్చున్నచోటి నుంచే కుడి చెయ్యి పైకెత్తి, రెండుసార్లు ముందుకు ఊపారు.

"రైట్, రైట్."

ఆ డ్రైవరమ్మకు తెలుగు బస్సుల భాష ఏం తెలుసు, కానీ అర్థమైంది. తలుపు మూసుకుంది. ఎర్ర లైట్లు మేఘంలోకి పోయి మాయమయ్యాయి. తనను వదిలి పోతున్న బస్సును మామగారు తిరిగి కూడా చూడలేదు.

మా ఆవిడ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. మా ముందు ఏమీ లేదు, తెల్లగా చల్లగా ఊపిరి తీస్తున్న పొగ తప్ప.

"నాన్నా, ఏముంటాది అక్కడ?" అని అడిగింది. ఆ యాసలో ఆమె మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

"ఏమో పాపా. చూడల్ల" అన్నారాయన, మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని, రెయిలింగ్ వైపు కొంచెం ముందుకు వంగి కూర్చుంటూ.