లుంగీ సాక్ష్యం

ఒట్టేసి చెబుతున్నాను. కీలు ఎంత వంగుతోందో కొలిచే ప్లాస్టిక్ కొలబద్ద ఒకటి ఎప్పుడూ నా చొక్కా జేబులో ఉంటుంది. దాని మీద చెయ్యి పెట్టి, యారాడ కొండ వైపు తిరిగి, మా ఆవిడ వింటుండగా చెబుతున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. అది వినగానే మా ఆవిడ నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయిందన్నది వేరే సంగతి. బంధువుల్లో నాకు అంత మంచి పేరు లేదు. నేను ఒక పెళ్ళికి వెళ్ళొచ్చి కబుర్లు చెబితే, విన్నవాళ్ళు అందులోంచి సగం తీసేసి, మిగిలిన సగంలో మళ్ళీ సగం నమ్ముతారు. ఈసారి మాత్రం ఏమీ తీసెయ్యక్కర్లేదు.

నలభై ఏడేళ్ళ వయసులో నేను ఆక్యుపేషనల్ థెరపీలో పీజీకి చేరాను. దెబ్బ తగిలినవాడు, పక్షవాతం వచ్చినవాడు మళ్ళీ తన అన్నం తాను కలుపుకుని, తన గుండీ తాను పెట్టుకుని, తన పనికి తాను వెళ్ళేలా చెయ్యడం మా వృత్తి. మామూలు డిగ్రీతోనే చాలా ఏళ్ళు ఆ పని చేశాను. హాయిగానే ఉండేది. ఆ తరవాత పీజీ ఉన్నవాళ్ళనే పై కుర్చీలో కూర్చోబెడతామన్నారు. నా దగ్గర పని నేర్చుకున్న ఒక అమ్మాయి ఎక్కడికో వెళ్ళి పీజీ చదివొచ్చి, ఒక కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. నేను ఏడ్చుకుంటూ అదే కాలేజీలో చేరాను. క్లాసులో పిల్లలు అంకుల్ అన్నారు. సహించాను. ఆ అమ్మాయినే నాకు గైడుగా వేశారు. సహించలేకపోయాను.

విరిగిన చేతికి ఆసరాగా ప్లాస్టిక్ చట్రాన్ని వేడినీళ్ళలో మెత్తబరిచి ఎలా వంచాలో ఒకప్పుడు నేనే ఆవిడకి నేర్పాను. వేడినీళ్ళు ఒలికితే నా మీదే ఒలికాయి. ఇప్పుడు ఆవిడ నన్ను "మీరు" అంటే పక్క గదిలో పాలు విరిగిపోయేవి.

థీసిస్ సంగతి వచ్చినప్పుడు మా యుద్ధం మొదలైంది. మా ల్యాబులో చేతికి పని చెప్పడానికి చెక్క మేకులు, పూసలు, సాగే ముద్ద లాంటిదొకటి ఉండేవి. పోర్టులోనో ప్లాంటులోనో బతుకంతా ఇనుము పట్టిన చేతికి పూసలు ఏమిటండీ, ఆ చేతికి దాని పనే ఇవ్వాలి, తాళ్ళూ కొక్కేలూ ఇవ్వాలి అన్నాను.

"అది మీ అభిప్రాయం," అంది ఆవిడ, నా కాగితాల మీంచి తలెత్తకుండా. "అభిప్రాయాలకి డిగ్రీ ఇవ్వరు. మీ పద్ధతిలో ఒక్క చెయ్యి పనిలోకి తిరిగి వెళ్ళినట్టు చూపించండి. లేదంటే వచ్చే ఏడు కూడా పిల్లలతో కలిసి మొదటి బెంచీలో కూర్చోండి."

ఒక్క చెయ్యి చాలంది. సరిగ్గా అప్పుడే ఆ చెయ్యి వచ్చింది.

కంచరపాలెం మనిషి. ఖలాసీ. ఓడలోంచి సరుకు దించేటప్పుడు క్రేను కొక్కేనికి గొలుసులు తగిలించడం ఆయన పని. ఒకరోజు కుడి చెయ్యి గొలుసుకీ పెట్టెకీ మధ్య నలిగింది. ఆపరేషన్ చేశారు, ఎముకలు అతికాయి, కుట్లు మానాయి. కానీ పిడికిలి మూసుకోవడం లేదు. నా వయసే ఉంటుంది. చెక్స్ లుంగీ, భుజాన తువ్వాలు, పక్కన భార్య. కుడి చెయ్యి ఎండిన అరటాకులా వేలాడుతోంది.

"ఏటి బావూ, సెయ్యి బాగు సేత్తావా? పెద్ద డాక్టరే సెయ్యనేదు," అన్నాడు కూర్చోకుండానే.

"చేద్దాం గురువుగారూ. కూర్చోండి."

"గురువుగారా! ఎవరే ఈ గోదారాయన!" అని భార్యని చూసి నవ్వాడు. మా నాన్న స్టీలు ప్లాంటులో ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చాడు. నేను పెరిగిందంతా ఇక్కడే. అయినా నోరు తెరిస్తే నలభై ఏళ్ళుగా ఇదే మాట పడుతున్నాను.

ల్యాబులో ఒక మూల చిన్న పోర్టు కట్టాను. పైకప్పు కొక్కేనికి కప్పీ తగిలించాను, పాత తాళ్ళు, గొలుసు ముక్కలు, ఇసక బస్తాలు తెచ్చాను. గైడుగారు గుమ్మంలో నిలబడి చూసి, ఇది ఆసుపత్రా గోడౌనా అంది. ఖలాసీ ఆ తాళ్ళ వైపు చూసి ముచ్చటపడతాడనుకున్నాను. ఆయన ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి తాడు మీద పెట్టాడు. అది జారిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది.

"సూసావు కదా. సచ్చిపోయింది," అన్నాడు, చుట్టాల చావు కబురు చెబుతున్నట్టు.

వారాలు గడిచాయి. చెయ్యి మాత్రం అక్కడే ఉంది. నాకు అనుమానం రావడం మొదలైంది. వాడని చెయ్యి మెత్తబడుతుంది, కండ తగ్గుతుంది. ఈయన ముంజేతి కండ నా పిక్క అంత ఉంది. అరచేతిలో కాయలు కాయలుగానే ఉన్నాయి. ఒకరోజు ఎడమ చేతి గోళ్ళు చక్కగా కత్తిరించి ఉన్నాయి.

"గోళ్ళు ఎవరు తీశారండీ?"

"నానే తీసాను," అంది భార్య వెంటనే.

"మరి గెడ్డం?"

"అదీ నానే గీసాను. సంటోడిలా సూసుకుంతన్నాను. మొగుడికి గెడ్డం గీత్తే తప్పేటి? మీ ఆవిడ గియ్యదేటి?"

లేదన్నాను. ఆ రోజు ఆవిడదే గెలుపు.

తరవాతి వారం ఆయనే బయట టీ బడ్డీ దగ్గరికి పిలిచాడు. పోర్టు బొగ్గు పొడి పడి ఆ బడ్డీలో గ్లాసులు కడిగినా కడగనట్టే ఉంటాయి. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని, గొంతు తగ్గించాడు.

"బావూ గీవూ ఎందుకు, బావ అంటాను. నీకూ నాకూ గొడవేటి? ఈ సెయ్యి పన్జెయ్యదని రాసీ."

"పనిచేస్తుందా మరి?"

"అదే అడగొద్దంతన్నాను." టీ ఊదుకున్నాడు. "నాను సేతకానోడినైతే మా గుంటడికి నా ఉజ్జోగం ఇత్తారంట. డిప్లమా సదివి ఆనందపురం జంక్షన్లో పెట్రోలు పైపు అట్టుకుంతన్నాడు. ఆడికీ ఓ దారి సూపించాలి కదేటి."

అలా ఇస్తారని కంచరపాలెంలో ఒక నమ్మకం. నిజంగా ఇస్తారో ఇవ్వరో నాకు తెలీదు, వాళ్ళ సంస్థ ఏదో కూడా చెప్పను. ఆ ఉద్యోగం అంటే ఒక ఇంటికి ఏమిటో మాత్రం నాకు తెలుసు, మా నాన్న జీతం మీద నేను తిన్న అన్నం అలాంటిదే. కానీ ఆ చెయ్యి లేకపోతే నా డిగ్రీ లేదు. పైగా అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది, అది ఆయనకి చెప్పాను.

"గురువుగారూ, వినండి. చేతిని ఊరికే వేలాడేస్తే అది నిజంగానే బిగుసుకుపోతుంది. ఇంకో ఆర్నెల్లు ఇలా నటిస్తే, తరవాత మీరు కావాలన్నా మూసుకోదు. నేను భయపెట్టడం లేదు. ఆపరేషన్ అయిన చెయ్యి అది."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"పోతే పోనీ. సెయ్యి నాది. నీ సదువు కోసం మా గుంటడి పొట్ట కొడతావేటి?"

ఆ తరవాత ఆయన నన్ను బావ అనలేదు. ల్యాబుకి రావడం, తాడు మీద చెయ్యి జార్చడం, వెళ్ళడం. నేను ఆయన్ని తిట్టుకునేవాణ్ణి, ఆయన నన్ను పైకే తిట్టేవాడు. మధ్యలో గైడుగారు వచ్చి, "ప్రోగ్రెస్ ఏమిటి?" అని అడిగేది. ఏమీ లేదని ముగ్గురికీ తెలుసు.

వాన కురిసిన రోజు సంగతి ఇప్పుడు. సముద్రం మీంచి మబ్బు వచ్చి, గంటలో మా ఆవరణ చెరువైపోయింది. చేపలు కూడా వచ్చాయి; గేటు దగ్గర వాచ్‌మన్ ఒకదాన్ని పట్టుకున్నాడు. ఖలాసీ భార్య ఆటో కోసం ముందే రోడ్డు మీదకి వెళ్ళింది. ఆయన మెట్ల దగ్గరికి వచ్చాడు. నేను గొడుగు తెరుస్తూ వెనక ఉన్నాను, ఆయనకి తెలీదు. ఆఖరి మెట్టు మీద ఆగి నీళ్ళు చూశాడు. వంగాడు. రెండు చేతులతో లుంగీ అంచులు పట్టుకుని, ఒక్క ఊపున మోకాళ్ళ పైకి లాగి, మడత వేసి, నడుం దగ్గర బిగించి, ముడి మీద కుడి బొటనవేలితో ఒక నొక్కు నొక్కాడు.

నేను పుస్తకాల్లో చదివిన చదువంతా ఆ నొక్కులో ఉంది. అలవాటైన పని ఎదురైతే చెయ్యి మనిషిని అడగదు.

ఆయన వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు. మెల్లగా, చాలా మెల్లగా, కుడి చెయ్యి కిందకి జారి మళ్ళీ ఎండిన అరటాకైపోయింది. లుంగీ మాత్రం మడిచినట్టే ఉంది.

"సూసీసావా?"

"చూశాను."

"ఏటి సూసావ్?"

"లుంగీ."

"అది మా ఆడది కట్టింది."

"ఆవిడ రోడ్డు మీద ఉన్నారు."

ఆయన ఒక బండబూతు తిట్టి, నీళ్ళలోకి దిగి వెళ్ళిపోయాడు. ముడి జారలేదు.

మర్నాడు ప్యాంటు వేసుకొచ్చాడు. కొడుకుది కాబోలు, తొడల దగ్గర పగిలిపోతోంది, కూర్చోవడానికి ఒక తంటా, లేవడానికి ఇంకో తంటా. ఆ తరవాత ఒక్కరోజు కూడా లుంగీలో రాలేదు.

ఆఖరి పరీక్ష రోజు వచ్చింది. పిడికిలి బలం కొలిచే యంత్రాన్ని గైడుగారే స్వయంగా ఆయన చేతిలో పెట్టింది. ఆయన పళ్ళు బిగించాడు. మెడ నరాలు లేచాయి, మొహం ఎర్రబడింది, నుదుట చెమట పట్టింది. ముల్లు సున్నా దగ్గర నిద్రపోతోంది. నేను ఎంతోమంది అబద్ధాలకోరుల్ని చూశాను, అద్దంలో రోజూ ఒకణ్ణి చూస్తాను, కానీ చెమట పట్టించుకోగలిగినవాడు ఈయనొక్కడే.

"ఇదా మీ తాళ్ళ పద్ధతి?" అంది ఆవిడ.

వాన రోజు చూసింది చెప్పాను. ఆవిడ పెదవి విరిచింది.

"మీరు చెప్పే కథలు నాకు కొత్త కాదు సార్. అప్పట్లో క్లినిక్ పైకప్పు మీద నెమలి గుడ్లు పెట్టిందని నన్ను నిచ్చెన ఎక్కించారు."

"ఏ లుంగీ మేడమ్?" అన్నాడు ఖలాసీ అమాయకంగా. "నాను ప్యాంటోడిని."

నాకు జీవితంలో అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు. ఒకే ఒక్క నిజం నా దగ్గర ఉంది, అది నా నోట్లోంచి రావడంతో చెల్లకుండా పోయింది.

ఆవిడ కలం మూతపెట్టబోయి ఆగింది. ఆయన ప్యాంటు వైపు చూసింది.

"ఇన్ని వారాలూ మీరు లుంగీలోనే వచ్చారు. నేను రోజూ చూశాను. వాన పడిన మర్నాటి నుంచి ప్యాంటు ఎందుకు?"

"ఉక్కగా ఉందని."

"ఉక్కకి ఇంత బిగుతు ప్యాంటా?"

"లుంగీలు తడిపీసింది మా ఆడది."

"అన్నీనా?"

"అన్నీ."

"ఇన్నాళ్ళ నుంచీ ఆరలేదా?"

భార్య నేల చూపులు చూసింది. గైడుగారు నా వైపు తిరిగింది, గొంతులో జాలి ఏమీ లేదు.

"రాయండి. చూసింది చూసినట్టు. ఒక్క మాట ఎక్కువైతే కొట్టేస్తాను."

రోగి వాన నీటిలో దిగే ముందు రెండు చేతులతో లుంగీ మడిచి కట్టుకున్నాడు, ముడి నిలిచింది. అంతే రాశాను. నేను చెప్పిన కథల్లో అదే చిన్నది. ఆవిడ రెండుసార్లు చదివి, కొట్టెయ్యడానికి ఏమీ దొరక్క, సంతకం పెట్టింది. వాళ్ళ సంస్థ డాక్టర్లు దాన్ని చూసి, మళ్ళీ పరీక్ష చేసి, ఆయన్ని పనిలోకి రమ్మన్నారు. నాకు డిగ్రీ వచ్చింది. గేటు దగ్గర ఆయన భార్య నన్ను ఆపి, "నీ కలం ఇరిగిపోను, నీ సదువు మట్టికొట్టుకుపోను," అంది. ఆయన నా మొహం చూడకుండానే గేటు దాటి వెళ్ళిపోయాడు. అదే ఎక్కువ నొప్పించింది.

కొన్ని నెలలకి ఒక ఆదివారం పొద్దున ఆయన మా ఇంటికి వచ్చాడు. చేతిలో వంజరం చేప. కుడి చేత్తోనే పట్టుకున్నాడు. "సెయ్యి బతికుంది బావ, నువ్వు రాయకపోతే బిగుసుకుపోయీది," అన్నాడు. కొడుక్కి ఏదో మంచి కంపెనీలో పని దొరికిందట. మా ఆవిడ చేప ముక్కలు వేయిస్తుంటే ఇద్దరం వరండాలో కూర్చుని టీ తాగాం. వెళ్ళేటప్పుడు నా భుజం మీద ఆ చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు.

ఇప్పుడు ఒప్పుకోవాలి. ఈ ఆఖరి ఆదివారం నేను కల్పించాను. చేప లేదు, టీ లేదు, భుజం మీద చెయ్యి లేదు. చదివేవాళ్ళకి అలాంటి ఆదివారం ఒకటి ఉంటే బాగుంటుందనిపించి పెట్టాను. నాకు కూడా. ఆవరణలోకి చేపలు వచ్చాయన్నది, పాలు విరిగాయన్నది మీరే తీసేసి ఉంటారు. మిగతాదంతా, ప్యాంటుతో సహా, నిజం.

జరిగింది ఇది. మొన్న కంచరపాలెంలో రైలు గేటు పడితే బండి ఆపుకుని నిలబడ్డాను. గేటుకి అవతలి వైపు ఆయన. డ్యూటీకి కాదు కాబోలు, లుంగీలో ఉన్నాడు. గుర్తుపట్టాడు. కొడుకు ఇంకా ఆ పెట్రోలు బంకులోనే ఉన్నాడని తరవాత తెలిసింది. గూడ్సు బండి వచ్చేలోపు ఆయన నన్నే చూస్తూ వంగాడు. వాన లేదు, నేల మీద చుక్క నీరు లేదు. రెండు చేతులతో లుంగీ అంచులు పట్టి, పైకి లాగి, మడిచి, కొట్లాటకి దిగేవాడిలా బిగించి, ముడి మీద కుడి బొటనవేలితో నొక్కాడు. తరవాత పక్కకి ఉమ్మేశాడు.

గూడ్సు బండి మా ఇద్దరి మధ్యకి వచ్చేసింది. నేను తలదించుకోలేదు. పెట్టెల సందుల్లోంచి ఆ బొటనవేలే చూస్తున్నాను. పట్టు బ్రహ్మాండంగా ఉంది.