బెంగాలీ భాయ్ గోల్ కొట్టిన రోజు

తినే అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. నన్నెరిగినవాళ్లు నవ్వుతారని తెలుసు కాబట్టే ఒట్టు ముందే పెట్టేశాను.

మొన్న ఇంద్రేశం వైపు పోతుంటే, కొత్త ప్లాట్ల మధ్య చుట్టూ వల కట్టి ప్లాస్టిక్ గడ్డి పరిచిన ఫుట్‌బాల్ మైదానం ఒకటి కనబడి, బండి ఆపి చూస్తూ నిలబడ్డాను. గంటల లెక్కన కిరాయికి తీసుకుని ఆడుకుంటున్నారు. వాళ్లలో ఒక పొట్టి మనిషి కాలికి బంతి అందగానే మిగతావాళ్లందరికీ హుషారు పుట్టడం చూశాక, పటాన్‌చెరులో నేను మొదట చేరిన ఫ్యాక్టరీ, దాని గోడ వెనకాల మా ఎర్రమట్టి గ్రౌండు కళ్లముందుకొచ్చాయి.

మా జట్టుకు కెప్టెన్ మా బావ, అంటే అక్క మొగుడు, కాబట్టి నాకు జట్టులో చోటు ఎలా దొరికిందో మీరు అడగకూడదు. బంతి ఎటు పోతే అందరమూ కట్టగట్టుకుని అటే పోవడం మా ఆట. పక్క ఫ్యాక్టరీతో ఏటా ఆడేవాళ్లం, ఏటా ఓడేవాళ్లం. చివరికి మేనేజరు విసిగిపోయి, ఈసారి కూడా ఓడితే ఆ గ్రౌండులో ఖాళీ డ్రమ్ములు పేర్పిస్తానని తేల్చేశాడు. పొద్దంతా ఇనుప చప్పుళ్లలో నలిగినవాళ్లకు, డ్యూటీ దిగాక మిగిలిన సంబరమల్లా ఆ ఎర్రమట్టే.

సరిగ్గా అప్పుడే ఇనుప రేకులు నొక్కే ప్రెస్సు మిషన్ మీద పనికి చేరాడు బెంగాలీ భాయ్. సన్నటి మనిషి, మాట తక్కువ. మొదటి రోజు భోజనాల వేళ ఖాళీ నూనె డబ్బాను ఒక్క తన్ను తంతే, అది రేకుల మీదుగా ఎగిరి సైరన్ మీట మీద పడి, ఫ్యాక్టరీ మొత్తం ఒక పూట ముందే ఇళ్లకు పోయింది. ఆ సాయంత్రమే అతన్ని జట్టులోకి లాక్కున్నాం. గ్రౌండులో ఎవరు ఎక్కడ నిలబడాలో వేలితో చూపించేవాడు, చూపించిన చోటికే బంతి వచ్చేది. నెల తిరిగేసరికి, పొట్ట మోసుకుంటూ పరిగెత్తే మా బావ కూడా తల ఎత్తి చూసి బంతి తన్నడం నేర్చుకున్నాడు.

తీరా పోటీ రోజున, అర్జెంటు ఆర్డరుందని సూపర్‌వైజరు భాయ్‌ని మధ్యాహ్నం షిఫ్టులో వేశాడు. మిషన్ ఆగకూడదు, ఎవరైనా దాని మీద నిలబడితే వదులుతానన్నాడు. మా బావ జట్టులోకెల్లా పనికిరాని ఆటగాణ్ణి పక్కకు పిలిచాడు.

"నువ్వు పోయి భాయ్ మిషన్ సూస్కో."

"మరి నేను ఆడొద్దా ఏంది?"

"నువ్వు ఆడితే ఆళ్లకు పన్నెండోడు దొరికినట్టేరా! పరేషాన్ చెయ్యకు, జల్దీ పోయి భాయ్‌ని పంపియ్."

పాపం, మొహం వేలాడేసుకుని పోయాడు.

ఆట చివరి నిమిషాల దాకా సమానంగా నడిచింది. అప్పుడు ఎడమ పక్కనుంచి నేను కొట్టిన పొడుగాటి పాస్‌ను భాయ్ ఛాతీమీద ఆపి, నలుగుర్ని దాటి, కుడికి కొడుతున్నట్టు నడుము తిప్పి ఎడమకు కొట్టాడు. వాళ్ల గోల్‌కీపరు ఇప్పటికీ కుడివైపే దూకుతూ ఉండాలి.

గ్రౌండు మాకు దక్కింది. నేను ఆ ఫ్యాక్టరీ వదిలే దాకా ఉంది కూడా. ఇప్పుడక్కడ గోదాము. కిరాయి గడ్డిమీద ఆడేవాళ్లది అచ్చమైన ఆటే, కాదనను. కాని వాళ్లలో ఒకడు ఆడాలంటే ఇంకొకడు ఎక్కడో మిషన్ మీద నిలబడాల్సిన అవసరం లేదు.

ఇక ఒట్టు సంగతి. నూనె డబ్బా ముమ్మాటికీ నిజం, మా బావనడగండి. ఆ పాస్ మాత్రం నేను కల్పించింది. ఆట నేను చూడనే లేదు, ఆ పనికిరాని ఆటగాణ్ణి నేనే. ప్రెస్సు మోతలో గోడవతలి కేకలు కూడా వినబడక, గెలిచామో ఓడామో తెలియక మిషన్ నడుపుతుంటే, మోకాళ్ల దాకా ఎర్రమట్టితో భాయ్ వచ్చి, నా చేతి గ్లౌజులు తను తొడుక్కుని, మిగిలిన షిఫ్టుకు నిలబడుతూ నవ్వాడు.

"గోల్ హో గయా, భాయ్."

ఆయన నన్ను భాయ్ అనడం అదే మొదలు.